తన నిషేధాన్ని తానే కూల్చిన లమారా సుర్మానిద్జే గారు

1988 అక్టోబరు మూడవ తేదీన, ఎడతెరిపి లేని వానలో, భుజాన ఒక సంచీతో, చేతిలో ఒక తవ్వుగోలతో శ్రీమతి లమారా సుర్మానిద్జే గారు అజారియా ఎగువ కొండల్లోని మన వృక్షసంరక్షణ కేంద్రంలో చేరారు. గేటు తీసింది నేనే. అప్పుడు నేను కాపలాదారుణ్ణి, ఆ తర్వాత ఉద్యోగుల సంఘం పెట్టినవాణ్ణి. ఈ కేంద్రంలో ఆమె మీద నాకన్నా ఎక్కువ ఫిర్యాదులు ఇచ్చినవాడు లేడు. అలాంటి నన్ను ఈ పదవీ విరమణ అభినందన రాయమని ఆమే అడిగారట. సన్మాన కమిటీ వాళ్లు ఆ మాట చెప్పినప్పుడు రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాను.

తొలి పదేళ్లూ ఆమె తన సమస్త శక్తియుక్తులనూ ఎంజెలా పువ్వుకే ధారపోశారు. శీతాకాలం చివర మంచును తోసుకుని తల వంచుకుని లేచే ఈ తెల్లని పువ్వు, ఎండలు ముదిరేసరికి ఆకుతో సహా మాయమైపోతుంది. లోపల దుంప మాత్రం చావదు, ఏటేటా మళ్లీ లేస్తుంది, పక్కన పిల్లదుంపలు పెడుతుంది. దీని గింజకు చివర కొవ్వు తునక లాంటిది ఒకటుంటుంది. దాని కోసం చీమలు గింజను మోసుకుపోయి, తునక తినేసి, గింజను దూరాన వదిలేస్తాయి. కొండంతా పువ్వు పాకేది అలాగే. ఇది కళ్లారా చూడడానికి ఆమె వాలు మీద గంటల తరబడి బోర్లా పడుకునేవారు. ఒకసారి మా ఊరి ఫాదిమే అవ్వ అటు వచ్చి, మనిషి సొమ్మసిల్లిందనుకుని, బిందెడు నీళ్లు నెత్తిన కుమ్మరించింది.

"కదలకవ్వా, నీ కాలి కింద నా చీమ ఉంది" అన్నారట లమారా గారు, తల ఎత్తకుండానే.

"చీమల్ని కాయడానికా తల్లీ నీకు జీతమిచ్చేది? మా వంటింట్లో బోలెడున్నాయి. దమ్మిడీ లేకుండా కాస్తున్నాను నేను."

ఆ సాయంత్రం అవ్వ మొక్కజొన్న రొట్టె, జున్ను పట్టుకుని కేంద్రానికి వచ్చింది. ఆ స్నేహం అలా మొదలైంది.

కొన్నేళ్లకు తెగింది కూడా. ఆకు పండిన రోజుల్లో ఎంజెలా దుంపలు తవ్వి, విదేశీ తోటలకు పంపే బేరగాడికి అమ్ముకోవడం మా ఊళ్లకు జీవనాధారం. లారీల కొద్దీ బస్తాలు కొండ దిగడం చూసి లమారా గారు తల్లడిల్లి నివేదిక రాశారు. ప్రభుత్వం తవ్వకం నిషేధించింది, మా వాలుకూ, నదికి అవతలి వాలుకూ కంచె వేసింది. కంచె సామాను రాకుండా నేను రోడ్డుకు అడ్డంగా పడుకున్నాను. ఆమె ముఖం మీదే అన్నాను, "మీకు పువ్వు కనిపిస్తుంది గాని పొయ్యి కనిపించదు" అని. ఆరేళ్లు మేమిద్దరం ఒకే ఆఫీసులో పలకరింపు లేకుండా పనిచేశాం.

2009 మే నెలలో రాజధాని నుంచి డైరెక్టరు గారు వచ్చారు. నిషేధాన్ని శాశ్వతం చేసి, అన్ని వాలులకూ విస్తరించి, లమారా గారిని కేంద్రానికి అధిపతిని చేయడం ఆనాటి కార్యక్రమం. క్లబ్బు హాలు నిండా మా జనమే. ఆమె నోరు తెరవగానే గోల చేయాలని నేను అందరికీ నూరిపోసి ఉంచాను.

ఆమె బురద బూట్లతో లోపలికి వచ్చి, ఒక బేసిను తెచ్చి డైరెక్టరు ముందున్న తెల్లగుడ్డ మీద పెట్టారు. అందులో రెండు మట్టిగడ్డలు.

"ఇది కంచె లోపలిది. పొద్దున నేనే తవ్వాను."

"అక్కడ తవ్వడం నేరం కదండీ" అన్నారు డైరెక్టరు.

"నేరమే. ఆ నిషేధం రాయించింది నేనే. ముందిది చూడండి."

ఆ గడ్డలో దుంపలు వెల్లుల్లి రెబ్బల్లా ఒకదాన్నొకటి నొక్కుకుని, బక్కచిక్కి ఉన్నాయి. ఆకులే గాని ఒక్కదానికీ పూకాడ లేదు. రెండో గడ్డ ఫాదిమే అవ్వ చేనుగట్టుది, ఏటా తవ్వే చోటుది. అందులో దుంపలు ఎడంఎడంగా, ఉల్లిపాయల్లా బలిసి ఉన్నాయి. తవ్వేవాళ్లు పెద్దవి ఏరుకుని చిన్నవాటిని బొటనవేలితో మట్టిలోకి నొక్కేవాళ్లనీ, దానివల్ల కిక్కిరిసిన గుంపు విడిపోయేదనీ, దారి కోసం ముళ్లపొదలు నరికితే నేలకు ఎండ తగిలేదనీ ఆమె చెప్పారు. కంచె ఈ రెండింటినీ ఆపేసింది. "నా నిషేధమే ఈ పువ్వును చంపుతోంది" అన్నారు.

నేను నూరిపోసిన గోలకు ఇక పని లేకుండా పోయింది. అయినా నా అలవాటు నాది. లేచి, "చూశారా, మా అమ్మలకు ఇదెప్పుడో తెలుసు" అన్నాను.

"నీకేం తెలీదు గురామ్, కూర్చో. మీ అమ్మలకీ తెలీదు. బేరగాడి జల్లెడలోంచి జారిపోయేవి అమ్ముడుపోవు కాబట్టి వదిలేశారు. ఆ కన్నాలు ఇంకాస్త చిన్నవైతే మీరూ ఈ కొండను ఊడ్చేసేవాళ్లే."

వెనకనుంచి ఫాదిమే అవ్వ, "నిజమేలేరా. మేకలు తిని చస్తాయని మట్టిలో నొక్కేవాళ్లం. పువ్వు గోల ఎవడికి పట్టింది" అంది.

డైరెక్టరు ఆమె వైపు వంగి మెల్లగా అన్నారు, ముందు వరసలో నాకు వినిపించింది. "లమారా గారూ, మీ నియామకం ఫైలు నా సంచీలో ఉంది. ఈ మాట వెనక్కి తీసుకోండి."

"ఈ దుంపలకు పువ్వు పూయించండి, తీసుకుంటాను."

రెండు పక్షాలనూ ఒకే పూట కాదనుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆమెకు అధిపతి పదవి రాలేదు. కంచెలో తవ్విన నేరానికి కేసు వచ్చింది. గింజల గదికి మార్చారు. తాను పాఠం చెప్పిన కుర్రవాళ్ల కింద ఆ గదిలోనే ఇన్నేళ్లూ, మొహం చిట్లించకుండా, ఒక్కరోజు ఆలస్యంగా రాకుండా పనిచేశారు. మా వాలుకు మాత్రం మరుసటి ఏడే కంచె తీశారు. ఇప్పుడు వంతులవారీగా తవ్వుతున్నాం, చిన్నవి మట్టికి తిరిగి ఇస్తున్నాం, ఈసారి బుద్ధిపూర్వకంగా. రెండు శీతాకాలాలు గడిచేసరికి కొండ మళ్లీ తెల్లబడింది.

నదికి అవతలి వాలు ఇప్పటికీ కంచెలోనే ఉంది. ఆమె పాత నివేదికనే చూపించి, ఆమె కొత్త అర్జీలను ఈ కేంద్రమే తిప్పిపంపుతోంది. ఈ పేరా తీసేయమని కమిటీ అడిగింది. తీసేస్తే సభలో చదువుతానన్నాను, అందుకే ఉంచారు. సోమవారం నుంచి లమారా గారు ఎవరి కిందా ఉద్యోగి కారు. ఆ ఉదయమే ఆ కంచె దగ్గరికి వెళుతున్నారు, సంఘం మొత్తం వెంట వెళుతుంది.

గింజ పడిన చోట ఎంజెలా పూయడానికి నాలుగైదేళ్లు పడుతుంది, కొండవాలు నిండడానికి అంతకు ఎన్నో రెట్లు. అవతలి వాలు అంచుదాకా తెల్లబడి, దాని మధ్య ఆమె మళ్లీ బోర్లా పడుకుని చీమలకోసం కాచుకునే రోజుదాకా, మోకాళ్లు సడలకుండా, చూపు మందగించకుండా, కుమార్తె, మనవల నడుమ సంపూర్ణ ఆరోగ్యంతో లమారా సుర్మానిద్జే గారు చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను.

గురామ్ తుర్మానిద్జే,
కాపలా విభాగం, ఉద్యోగుల సంఘం