‘జలుబు’ అన్న మాటతో సరిపెట్టుకోని మా కోడమ్మగారు

పందొమ్మిది వందల తొంభై ఒకటి జూన్ పదిహేడు, సోమవారం ఉదయం మా ఆసుపత్రి రికార్డుల విభాగంలో గుమాస్తాగా పదవీ బాధ్యతలు స్వీకరించిన నాటి నుండి నేటి పదవీ విరమణ వరకు, వైద్యులు రాసిన ప్రతి రోగనిర్ధారణనూ అక్షరమక్షరం పరిశీలించి, తగిన సంకేత సంఖ్యను నిర్ణయించిన నిష్ఠాగరిష్ఠులు మా కోడమ్మగారు. కోడింగు చేస్తారు గనుక సిబ్బంది పెట్టుకున్న ముద్దుపేరిది. వారూ నవ్వుతూ ఖాయం చేశారు.

తొలి పదేళ్లూ మెట్ల కింది గదిలో, మా వైద్యుల గజిబిజి దస్తూరీలతో కుస్తీ పట్టారు. కంప్యూటరు వచ్చాక అందరికంటే ముందు నేర్చుకుని, అందరికీ నేర్పారు. చలికాలంలో పది చీటీల్లో తొమ్మిదింటి మీద ‘జలుబు’ అని గిలికి పంపే మమ్మల్ని మాత్రం ఏనాడూ ఉపేక్షించలేదు. “ముక్కా, గొంతా, సైనసా? ఏది వాచిందో మీరే రాయాలి డాక్టరుగారూ. నేను ఊహించి కోడ్ వెయ్యకూడదు” అనేవారు.

నేను ఉద్యోగంలో చేరిన ఆరో నెలలో ఒక మహిళా బస్సు కండక్టరు గొంతునొప్పితో వచ్చింది. నోరు తెరిపించి చూశాను. కాస్త ఎరుపు తప్ప ఏమీ కనబడలేదు. ‘జలుబు, గొంతునొప్పి’ అని రాసి మాత్రలిచ్చి పంపాను. పది నిమిషాల్లో కోడమ్మగారు ఆ చీటీ పట్టుకుని నా గదిలోకి వచ్చారు.

“మీరు రాసినామెకు మామూలు జలుబు. ఇదే చీటీలో పైన నర్సు రాసినామె ఉమ్మి కూడా మింగలేకపోతోంది, మాట ముద్దగా వస్తోంది. ఇద్దరిలో ఎవరికి కోడ్ వెయ్యమంటారు?”

“బయట ఇంకా డెబ్భై మంది ఉన్నారమ్మా. ఏదో ఒకటి వేసెయ్యండి.”

“ఏదో ఒకటి అనే కోడ్ లేదండీ. ఆమె మందుల కౌంటరు దగ్గరే ఉంది. ఒక్కసారి చూసి రండి.”

సణుక్కుంటూ వెళ్లాను. ఆమె బెంచీ మీద ముందుకు వంగి, గడ్డం చాచి, కారుతున్న ఉమ్మిని రుమాలుతో తుడుచుకుంటోంది. శ్వాసనాళానికి మూతలా ఉండే ఎపిగ్లాటిస్ వాచి, గాలి దారి మూసుకుపోతోంది. హుటాహుటిన ఆపరేషన్ థియేటరుకు తరలించి, గొట్టం వేసి ఊపిరి నిలబెట్టాం.

కోడమ్మగారు పైవాళ్లకు ఫిర్యాదు చేయలేదు. చీటీ నా ముందుంచి, “పాతది చెరపకండి, కనబడనివ్వండి. కింద సరైన పేరు రాసి, తారీఖూ టైమూ వెయ్యండి” అన్నారంతే. పదో రోజున ఆ కండక్టరమ్మ రికార్డుల గది గుమ్మంలో నిలబడి, “రైట్... రైట్!” అని అరిచిందండీ, బీరువాలు దద్దరిల్లేలా!

నర్సు రాసింది చదివాకే వైద్యులు సంతకం చేయాలన్న నియమం ఆనాడు ఆరంభమైనదే. నేడు వివరం లేని చీటీ పదింటిలో ఒకటైనా ఉండదు. ఇది ముమ్మాటికీ వారి విజయం.

వారి శ్రీవారు మొన్న నాతో, “ఇంట్లోనూ ‘ఒంట్లో బాలేదు’ అంటే చాలదండీ. ఎక్కడ, ఎప్పట్నుంచి, ఎంత అని చెబితేగాని కాఫీ కూడా రాదు” అని మొరపెట్టుకున్నారు. ఆ ప్రశ్నలిక పూర్తిగా ఆయన సొంతం!

కళాశాల నాకు పట్టా ఇచ్చింది. చదివి సంతకం పెట్టే వైద్యుణ్ణి చేసినవారు మాత్రం కోడమ్మగారే. ఆ ఋణం తీరేది కాదు. వారు కుటుంబ సమేతంగా ఆయురారోగ్యాలతో, ఏ వైద్యుడి చీటీతోనూ పనిబడకుండా, నిండు నూరేళ్లు హాయిగా వర్ధిల్లాలని మా అందరి మనఃపూర్వక ఆకాంక్ష.