అంచు మీద బొటనవేలు

ఉక్కు కోసే లేతు మిషను ఆపి, నూనె గుడ్డ భుజాన పడేసుకుని, అన్న చెల్లెలి బల్ల మీదికి దండెత్తాడు.

"మళ్ళీ నా మీదకే తోస్తున్నావా?"

"తోయడమేంటి అన్నయ్యా? కొన్నవాళ్ళు బాగాలేవని తిప్పి పంపిన పిన్నులు నీ కళ్ళముందే ఉన్నాయి. అంచు చూడు, ఉక్కు ఎలా రేకులా లేచి నిలబడిందో!"

"దాన్ని బర్రు అంటారు. అది తీసెయ్యడానికేగా నిన్నిక్కడ కూర్చోబెట్టింది? నేను కోస్తాను, నువ్వు గీకాలి. అంతే."

"గీకడానికి ఇదేమన్నా సొరకాయా? గట్టిపరిచిన ఉక్కు! ఆకురాయి పెడితే జర్రున జారిపోతోంది. అసలు ఇంత బర్రు లేవకుండా కోయాలి."

"అబ్బో! నాకు పాఠాలు!"

"నీ లేతులో ఉక్కుని కోసే మొన, ఆ టిప్పు, అరిగిపోయింది. అరిగిన టిప్పు కోయదు, నెడుతుంది. నెట్టిందంతా అంచుకొచ్చి లేస్తుంది."

"అరిగిందో లేదో చప్పుడు వింటే తెలుస్తుంది నాకు. నువ్వు రెండు జడలేసుకుని బడికెళ్ళే రోజుల నుంచీ వింటున్నా."

"విన్నది చాల్లే, మార్చు. ముందు అంచుని కాస్త వాలుగా కోసి, ఆ తర్వాత చివరి కోత పెట్టు. లేచింది అందులోనే పోతుంది."

"అలా కోసేది చేతకానివాళ్ళు."

"మరి చేతనైనవాడి పిన్నులెందుకు తిరిగొచ్చాయో?"

"కొన్నవాడికి కళ్ళు సరిగా లేవు."

"నిన్న స్పానర్ కూడా జారవిడిచావు. నా కాలు పచ్చడయ్యేది."

"చేతికి నూనె అంటింది. టీ ఇలా తే."

"ఆగాగు, గుడ్డతో పట్టుకో, ఇప్పుడే దించాను..."

"ఏం దించావు? గ్లాసు చల్లగా చచ్చింది. టీ కాచడం రాదు గానీ లేతు కావాలిట మహారాణికి!"

"ఉత్త చేత్తో ఎలా పట్టుకున్నావు?"

"పనిచేసే చెయ్యి. నీలా పూరేకు కా... అమ్మో!"

"నోరు కాలిందా?"

"పొలమారింది."

"గ్లాసు చల్లగా ఉందన్నావు?"

"పొలమారిందన్నానా! నీ గోల నీదేనా?"

"సరే. లేతు కావాలని నేనడగలేదు. నాన్నే అన్నాడు. ఈ సరుకు కూడా తిరిగొస్తే లేతు చెల్లికిచ్చి, నువ్వు బల్ల దగ్గర కూర్చో అని."

"నాన్నకి మతి పోయింది. నువ్వు లేతు తిప్పుతుంటే నేనిక్కడ గీక్కుంటూ కూర్చోవాలా? థూ! అంతకంటే షెడ్డు ఊడ్చుకోవడం నయం."

"అయితే ప్రతి అంచూ చూసి పంపించు. ఇదిగో భూతద్దం."

"భూతద్దం నువ్వు పెట్టుకో. నాకీ బొటనవేలు చాలు. నాన్న నేర్పిన విద్య: అంచు మీద వేలు పెట్టు, అంచే చెబుతుంది."

"ఆ వేలు బాగున్నాయని చెప్పినవేగా తిరిగొచ్చింది?"

"నోర్ముయ్. ఇవాళ కోసిన పిన్నులివి. ఇటు పెట్టు. కళ్ళు మూసుకుని చెప్తాను, చూసి నేర్చుకో. ఇది వెన్న. ఇదీ వెన్నే."

"అన్నయ్యా..."

"మధ్యలో మాట్లాడకు. ఇది అద్దం. గట్టిగా రుద్దుతున్నా చూడు, ఎక్కడైనా గుచ్చుకుంటోందా?"

"అన్నయ్యా, ఆపు."

"ఎందుకాపాలి? ఏడుపొస్తోందా? ఇన్ని పిన్నుల్లో ఒక్కదానికి బర్రుందా? ఉంటే నాకు తెలీదా? పిలు నాన్నని! ఇక్కడే తేల్చేద్దాం, ఎవరు లేతు దగ్గరో, ఎవరు బల్ల దగ్గరో!"

"నాన్న సంగతి తర్వాత. ముందు కళ్ళు తెరువు... పిన్నులన్నీ నెత్తురే అన్నయ్యా. నీకు నొప్పే తెలియట్లేదా?"