ఇస్త్రీ నాన్న

ఏంటే, పిల్లలు హైస్కూలు మధ్యలో ఎందుకు మానేస్తారో నలుగురినీ అడిగి రాసుకురమ్మన్నారా మీ కాలేజీలో? భేషుగ్గా ఉంది. మానేసినవాణ్ణి తప్ప అందర్నీ అడగండి. నా తమ్ముడుండేవాడు, మైకు తాతయ్య, నువ్వు పుట్టకముందే పోయాడులే, వాణ్ణి అడగాల్సింది. లెక్కల్లో వాడి తర్వాతే ఎవరైనా. మా అమ్మ బట్టలు కుట్టేదా, పొద్దున్నే అవి ఇళ్ళకి ఇచ్చొచ్చేది వీడు. దాంతో బడికి ఆలస్యం. ఆలస్యమైతే గేటు వేసేసేవాళ్ళు. లోపలికి రానివ్వరు, మళ్ళీ రాలేదని తిడతారు. ఎంత తెలివో చూడు. ఆఖరికి హెడ్మాస్టరు పిలిచి, "మీ నాన్నని తీసుకొస్తేనే క్లాసులో అడుగుపెట్టు" అన్నాడు. మా నాన్నెక్కడ? ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం వెలగబెడుతున్నాడు. ఆ మాట పదిమందిలో చెప్పడానికి వీడికి నామోషీ. పోనీ అని అమ్మ వెళ్తే, "తండ్రిని రమ్మంటే మీరొచ్చారేంటమ్మా" అని గుమ్మంలోంచే పంపేశాడు మహానుభావుడు.

అప్పుడు మా సందు చివర ఇస్త్రీ బాబాయి, మంచోడేలే, కాకపోతే బుర్ర కాస్త తక్కువ, "నేనొస్తా పదరా, ఒక్క పూట నాన్ననైతే నా సొమ్మేం పోయింది" అన్నాడు. నాన్నంటే దర్జాగా ఉండాలి కదా మరి. తన చొక్కాకేమో చిరుగులు. బల్ల మీద అప్పుడే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా ఉంటే తొడుక్కున్నాడు. నవ్వకు, ఉండు. అది హెడ్మాస్టరుదే. బడికెళ్ళగానే ఆయన ఆ చొక్కా జేబు మీది సిరా మరక చూశాడు, బాబాయి మొహం చూశాడు. "నా చొక్కా వేసుకుని నా దగ్గరికే వచ్చావా?" ఇంకేముంది, బడంతా ఒకటే నవ్వు. "ఇస్త్రీ నాన్న కొడుకు" అని పేరు పెట్టేశారు వీడికి. వాడు మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. నేను బతిమాలాను, అమ్మ కొట్టింది కూడా. ఊహూ. మైకుసెట్ల దుకాణంలో చేరిపోయాడు.

ఆగు, అసలుది విను. కొన్నేళ్ళకి ఆ బడిలోనే సభ. మైకు మనవాడిదే. ఆ హెడ్మాస్టరే వేదికెక్కి, "పిల్లలు చదువెందుకు మానేస్తున్నారంటే, తండ్రులు పట్టించుకోరు, పిల్లలకి శ్రద్ధ లేదు" అని దంచేశాడట. మనవాడు సౌండు ఇంకాస్త పెంచాడట. ఇంటికొచ్చి చెబితే నాకు ఒళ్ళు మండిపోయి, "వైరు పీకి పారేయలేకపోయావురా?" అన్నాను. "పీకేస్తే ఎలాగక్కా? నేనెందుకు మానేశానో నాకూ తెలియాలిగా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అన్నం మాత్రం కలిపి, అలాగే వదిలేసి లేచిపోయాడు.

...ఆ ఫ్యాను కాస్త తగ్గించు, గాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.