ఆయిల్ ముల్లు సున్నాకు ఎందుకు పడింది

నా పేరు కుర్మయ్య, తండ్రి బీరయ్య, వయసు నలభై ఆరు, కార్ల మెకానిక్‌ను. మొయినాబాద్ చౌరస్తాలో షెడ్డు నడుపుతున్నాను. ఎస్సై గారు అడగగా 2006 ఆగస్టులో చెబుతున్న మాటలు ఇవి.

ముడిమ్యాల ఊరి ఆంజనేయులు తన డీజిల్ కారును గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి కిరాయికి పెట్టాడు. డ్రైవర్ జయరాజ్. మొన్న సోమవారం పొద్దున ఆంజనేయులు సిటీలో ఉండగా, ఊళ్లో అతని తండ్రి చెన్నయ్యకు గుండెనొప్పి వచ్చింది. జయరాజ్ ఆయన్ను, ఆయన భార్య అంతమ్మను ఎక్కించుకుని దవాఖానకు బయలుదేరాడు. కనకమామిడి దాటాక స్టీరింగ్ ముందున్న మీటర్లలో ఆయిల్ ప్రెషర్ ముల్లు సున్నాకు పడింది. జయరాజ్ బండి ఆపేశాడు. ఆటో దొరకడానికి అరగంట పట్టింది. చెన్నయ్య ఆటోలోనే పోయాడు.

ఆదివారం చర్చికి సెలవు ఇవ్వలేదన్న కోపంతో జయరాజ్ కావాలనే ఆపాడని ఆంజనేయులు కేసు పెట్టాడు. ముల్లు పడితే అక్కడికక్కడే ఆపాలని, లేకపోతే ఇంజిన్ బిగిసి పట్టేస్తుందని నా దగ్గరికొచ్చే ప్రతి డ్రైవర్‌కూ చెబుతాను. జయరాజ్‌కూ చెప్పాను. ఆ మాట విన్నందుకే అతను బండి ఆపాడు. అయినా రేపు ఇంకో డ్రైవర్ వస్తే అదే చెబుతాను. వేరే ఏం చెప్పను?

నిన్న నా షెడ్డులో ఎస్సై గారి ముందే బండి చూశాను. ఆయిల్ నిండుగా ఉంది. ఇంజిన్‌కున్న సెన్సర్ విప్పి, ఆ చోట నా చేతి మీటరు బిగించి స్టార్ట్ చేశాను. ప్రెషర్ బాగుంది. రేస్ ఇస్తే ఇంకా పెరిగింది. అంటే ఇంజిన్‌కు ఏ రోగమూ లేదు, ముల్లే తప్పు చూపింది. అంతకుముందు సెన్సర్ విప్పబోయినప్పుడే, పచ్చగా చిలుము పట్టిన దాని తీగ ముట్టుకోగానే ఊడి చేతికొచ్చింది. ఈ బండిలో ఆ తీగ తెగితే ముల్లు సున్నాకే పడుతుంది.

సరిగ్గా దాని పైన, పైపుకు నల్లదారంతో నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టి ఉన్నాయి. అందరూ బండి ముందు కడతారు. బండ్లకు బయట ఏమీ వేలాడకూడదని కంపెనీ వాళ్లు అన్నారట, అందుకని బానెట్ లోపల కట్టారు. ఆ పులుపు కారి కారి తీగను తినేసింది. ప్రతి శనివారం కట్టేది అంతమ్మ. బానెట్ ఎత్తి పట్టేది జయరాజ్.

కానిస్టేబుల్ వెంట వచ్చిన జయరాజ్‌కు చూపించాను. చూసి, “అన్నా, గీ ముచ్చట రాయించకు. అంతమ్మ అవ్వకు తెలిస్తే బతకది. నాకేమైతే గది కానీ” అన్నాడు. నాకు కోపమొచ్చింది. “నీ పెండ్లాం పిల్లలను ఎవరు జూస్తరు రా?” అని తిట్టాను. జైలుకు పోవాల్సినవాడు అతను కాదు. అందుకే అన్నీ చెప్పాను. అతను వద్దన్న సంగతి కూడా రాయమని చెప్పాను.

నిన్న సాయంత్రం అంతమ్మే షెడ్డుకు వచ్చింది. బండి ముందు నిలబడి అడిగింది: “బిడ్డా, మొన్న శనివారం వాన పడ్డది. కొత్త నిమ్మకాయ కట్టలే. గందుకే గిట్లయిందా?”

“కాదవ్వా” అన్నాను. “తీగ తెగింది, గంతే.”

ఆమెకు చదువు రాదు. ఈ కాగితాన్ని ఆమెకు ఎవరూ చదివి వినిపించవద్దని కోరుతున్నాను. నాకు మాత్రం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించారు. ఇందులో నేను చూడనిది, చేయనిది, చెవులారా విననిది లేదు.

(సంతకం) కుర్మయ్య