హరిత ఆఖరి ఫైలు

ఇంకా ఎంతసేపు ఆ తెరను చూస్తావు ప్రశాంతీ? చూసిందే చూస్తే అక్షరాలు మారతాయా? పొద్దున పదింటికి కూర్చున్నావు, రెండు దాటింది. కంచంలో పెట్టిన అన్నం ఎండి అప్పళమైంది. ఈ ఊర్లో ఏదైనా ఎండేదానికి గంట చాలు గదా.

ఏమి, రాలేదా? మళ్ళా అవే ఇంగ్లీషు అక్షరాలు, నడుమ కొక్కేలు, డాలరు గుర్తులు? నేను చెప్తానే ఉండా. పాత కంప్యూటర్లోది కొత్తదానికి ఎక్కిస్తే అంతా వస్తాదని ఎవరు చెప్పినారు నీకు? అయినా ఫైళ్ళన్నీ వచ్చినాయి గదా. పెండ్లి పత్రికలు వచ్చినాయి, కరపత్రాలు వచ్చినాయి, మీ ఆడోళ్ళ సంఘం పత్రిక పాత సంచికలు వచ్చినాయి. చదవను రాకపోతే పాయె. ఉండాయి గదా.

కాదులే, నాకు అర్థమైంది. తెలుగు ప్రోగ్రాం గూడా ఎక్కించినావు, అది లాక్ అడగతాండాది. అగ్గిపెట్టెంత నల్ల బిళ్ళ, ప్రింటర్ వైరుకూ కంప్యూటరుకూ నడుమ, వెనకపక్క తగిలిస్తారు. అది లేకపోతే తెలుగు తెరుచుకోదు. నాకెట్ల తెల్సంటావా? ఆరేండ్లు హరిత ఈ గదిలో డీటీపీ చేస్తాంటే ప్రూఫులు చూసింది ఎవరనుకున్నావు? పెండ్లి పత్రికలో ఏ పెద్దాయన పేరు పైన రావల్ల, ఎవరిది కింద వస్తే కొట్లాట, నా కూతురికేం తెల్సు? నేనే తెరమీద చూసి చెప్పేదాన్ని. కంప్యూటరు పెట్టేది, ఫైలు తెరిచేది అట్ల నేర్చుకున్నా.

నీ జతగత్తె రాతల కోసం నువ్వు పడే కష్టం నేను కాదనడంలా. అంత కొత్త కంప్యూటరును బుక్కరాయసముద్రం నుంచి ఆటోలో ఒళ్ళో పెట్టుకొని తెచ్చినావు. ఈ పాతది నాలుగుమాట్లు నొక్కితే ఒకమాటు లేస్తాంది, కదిలిస్తే అదీ లేవదని. మా ఇంటాయన, మీ గోపాలయ్య మామ, రేపు దీన్ని పాత సామాన్లోనికి ఏసేస్తారంట. మనిషి పోయి పది నెలలాయె, దాని పెట్టె ఇంట్లో ఎందుకంటారు. తన బట్టలంగట్లో అమ్ముడుపోని గుడ్డను చూసినట్ల చూస్తారు ఆయన దేన్నైనా.

పొద్దున నువ్వు వైరు తగిలించినాక తెరమీద చిన్న చిన్న కాగితాలు ఎగిరినాయి చూడు. ఈ అరలోంచి లేచి ఆ అరలోకి పోయి పడతాండాయి, ఒకదానెంబడి ఒకటి. నేను వంటింట్లోకి పోయినా. పోపు మాడతాందని చెప్పినా నీకు. పోపు మాడలేదు. ఆ కింద హరిత ఫైళ్ళ పేర్లు వస్తాంటే చూడలేకపోయినా. అమ్మ ఒకటి. అమ్మ రెండు. అమ్మ మూడు. అమ్మ నాలుగు.

నువ్వు నమ్మవులే. మధ్యాన్నం మీ మామ అంగడికి పోయినంక ఈ గదిలో టకటకమంటాది. కరెంటు లేనప్పుడు గూడా. వచ్చి చూస్తే కీబోర్డు మీద కప్పిన గుడ్డ కప్పినట్లే ఉంటాది. బల్లి అంటారు మీ మామ. బల్లి ఆగి ఆలోచించుకొని కొడతాదా? ఇది ఆగతాది. రవంతసేపు ఆలోచిస్తాది. మళ్ళా కొడతాది.

పొద్దున లక్ష్మక్క గది ఊడ్చను వస్తే నువ్వు లాక్ గురించి అడిగినావు. మంచిగానే అడిగినావు, తప్పు పట్టడంలా. ఆమె చీపురు కింద పెట్టి, నా బిడ్డ మీద ఒట్టు, నేను తీయలేదమ్మా అనింది. ఇండ్లల్లో ఏది కనపడకపోయినా ముందర చీపురు పట్టుకున్నోళ్ళనే అడగతారని ఆమెకు తెల్సు. నేను పక్కనే నిలబడి గూడా నోరు తెరవలేదు.

లాక్ నా దగ్గరుండాది ప్రశాంతీ. వక్కాకు సంచిలో.

అట్ల చూడొద్దు. కూర్చో. చెప్తా.

పదకొండో దినం అయిపోయి, చుట్టాలంతా పోయినాక, ఈ గదిలోకి వచ్చి కంప్యూటరు పెట్టినా. ఊరికే, దాని రాతలు చూద్దామని. అమ్మ నాలుగు తెరిచినా. చదివినా. వెనకపక్క చెయ్యిపెట్టి లాక్ పీకేసినా. అప్పటినుంచి అది ఈ సంచిలోనే ఉండాది, వక్కలతో పాటు.

తుడిచేసేది తెలీదా అంటావా? తెల్సు. ఆ మీట మీద వేలు పెట్టినా గూడా. నొక్కలేకపోయినా. ఎవరూ చదవకూడదు, అట్లని పోనూకూడదు. ఏం మనిషివి అంటావు. ఏమో తల్లీ, నేనూ అదే అడగతాండా.

అల్లుని మీద రాసిందా అని అడగతావు. అందరూ అదే అనుకుంటారు. కణేకల్లో ఎరువులంగడి అనిల్ కుమార్ అంటే పైకి ఎంత మర్యాదస్తుడు. పెండ్లాం నలుగురి కరపత్రాలు టైపు చేస్తే పరువు పోతాదని కంప్యూటరును పుట్టింట్లోనే ఉంచేసినాడు. చెయ్యి చేసుకునేది మీకూ తెల్సు, మాకూ తెల్సు. రెండుమాట్లు వచ్చేసింది, రెండుమాట్లూ పెద్దమనుషులు కూర్చొని, మజ్జిగ తాగి, సర్దుకొని పోవల్లమ్మా అని తోలిచ్చినారు. మూడోమాటు పోతే ఇంక నేను పిలుచుకోను అన్నాడు వాడు. కామెర్లని తేలినాక పది దినాలు ఆస్పత్రికి పిలుచుకుపోలేదు. ఇదంతా నువ్వు మీటింగుల్లో చెప్తాండావు. చెప్పు, అంతా నిజమే. కానీ ఆ ఫైల్లో వాడు లేడు. వాని పేరు గూడా లేదు.

ఉండేది నేనే.

మూడోమాటు వచ్చింది పాపా. ఎవరికీ తెలీదు, మీ మామకు గూడా. అప్పటికి శ్రావణం ఇంకా రాలేదు. ఇట్లాంటి మధ్యాన్నమే. వీధిలో కుక్క గూడా లేదు. కిటికీ సందులోంచి చూసినా. చేతిలో సంచి ఉండాది, పెదివి వాచిండాది.

అమ్మా అని పిలిచింది. తట్టింది. నేను తలుపుకు ఈపక్క నిలబడినా, చెయ్యి తాళం మీదనే ఉండాది. మా తలుపుది లోపలినుంచి ఏసినా, బయటినుంచి ఏసినా ఒకే మాదిరి కనపడే తాళం. తీస్తే మూడోమాటు అయిపోతాది. తీయకపోతే రానట్లే. ఇంట్లో ఎవరూ లేరనుకొని ఐదు గంటల బస్సుకు తిరుక్కొని పోతాది, ఇంట్లో పడుంటాది, సర్దుకుంటాది. అంత లెక్క ఏసినా నిలబడినచోటనే. అరగంట మెట్టు మీద కూర్చొనింది. దాని ఊపిరి నాకు వినపడతాండాది. ఆపైన లేచి పోయింది.

మళ్ళా వరలక్ష్మి వ్రతానికి మొగునితో వచ్చింది, నవ్వుకుంటా. ఆ దినం వస్తే నువ్వు లేవే అని గూడా అడగలేదు. అందరూ తింటాంటే ఈ గదిలో కూర్చొని గంటసేపు కొట్టింది. నేను శనగలు పంచిపెడతా, ఏం రాస్తాండావే అంటే, కతమ్మా, నీ కతే అనింది. పత్రికకు పంపల్ల, ఇంకా దిద్దల్ల అనింది. దిద్దలేదు. నెల తిరక్కముందే పాయె.

ఏం రాసిందంటావా? ఒక ఆడపిల్ల ఎండలో పడి పుట్టింటికి వస్తాది. తలుపు కొడతాది. వాళ్ళమ్మ తీస్తాది. మొహం చూసి ఒక్క మాట అడగదు. సంచి అందుకుంటాది, చెంబుతో నీళ్ళిస్తాది. ఈడనే ఉండు, నువ్వు యాడికీ పోయే పనిలేదు అంటాది. పెద్దమనుషులొస్తే గడప దాటనియ్యదు. కూతురు మంచం మీద పండుకుంటే రాత్రంతా కాళ్ళ దగ్గర కూర్చుంటాది. అంతే కత. అంత మంచిది ఆ అమ్మ.

తిట్టింటే బాగుండు. నా పేరు పెట్టి, ఊరు పేరు పెట్టి తిట్టిండినా, నేనే నీ చేతికిచ్చి అచ్చెయ్యమందును.

మొదట ఏమనుకున్నానంటే, ఇంట్లో ఎవరూ లేరనుకొని పోయింటాది, ఉంటే అమ్మ తీసిండేది గదా అని ఆశకొద్దీ రాసుకునిందిలే పాపం అనుకున్నా. అట్లనే అనుకొని బతికేదాన్ని. కానీ కతలో మొదటి మాట ఉండాదే, అది నాకు నోటికొచ్చు. లాక్ పీకకముందు ఎన్నిమాట్లు చదివినానో అట్ల ఉండిపోయింది.

‘గడప ముందు అమ్మ చెప్పులు ఉన్నాయి. అమ్మ ఇంట్లోనే ఉంది.’

తాళం ఏసుకున్నా. కిటికీ రెక్క దగ్గరికి లాక్కున్నా. ఊపిరి బిగబట్టుకున్నా. చెప్పులు లోపలికి తీసుకొనేది మర్సిపోయినా తల్లీ. దానికి తెల్సు. ఆ అరగంట మెట్టు మీద వాటి పక్కనే కూర్చొనింది.

ఇదో, లాక్. పట్టుకో. వక్క పొడి అంటుకొని ఉంటాది, ఊదు. లక్ష్మక్కకు నేనే చెప్తాలే, నువ్వు చెప్పొద్దు.

అచ్చేసుకో. కింద ఇది నిజం కాదు అని ఒక వరస ఎయ్యమంటే కతలకు అట్ల ఎయ్యరంటావు. ఎయ్యకులే. తల్లంటే ఇట్లుండల్ల అంటారు చదివినోళ్ళు. మీ సంఘమోళ్ళు నన్ను పిలిచి శాలువా కప్పినా కప్పుతారు.

కప్పనీ.