బొగ్గు కడిగిన చేతులు

హలో… ఆ, నేనే. బిలాస్‌పూర్ కేబిన్, అమ్మన్న… నువ్వా సూర్యం! అన్నయ్యనేరా. సెప్పు.

…ఏటి? ఎవరూ తాగనేదా?

…మెయిలు బండి మొత్తంలో ఒక్కడూ నీళ్లకి నీ సెంబు కింద దోసిలి పట్టనేదా… ఇంత ఎండలోనా…

అచ్ఛా. కుష్టోడని ఎవుడన్నాడు?… కుష్టు కాదని డాక్టరు రాసిచ్చిన కాయితం ఉంది కదరా. సూపించనేకపోయావా?

…అవున్లే. బండి ఆగేది ఐదు నిమిషాలు. కాయితం ఎవుడు సదువుతాడు.

తప్పు నాదిరా. ఇంజన్ల షెడ్డులో ఫైర్‌మన్‌గా ఉన్నన్నాళ్లూ నీకు మోసేతుల దాకా బొగ్గే. ఆ తెల్లమచ్చలు ఎవుడికీ కనబడనేదు. పొగకీ వేడికీ తోలు పాడవుతందని నేనే అందరి కాళ్లూ పట్టుకుని నిన్ను టేషన్లో నీళ్లు పోసే డ్యూటీలో ఏయించేను. రోజుకి పదిసార్లు కడుక్కునే సేతులు… బుద్ధి నేదు నాకు.

…

అడిగేనురా. పొద్దున్నే ఫోర్‌మన్ని అడిగేను. మళ్లీ షెడ్డులోకి తీసుకోనన్నాడు. మనవోళ్లే వొద్దన్నారంట… నీ పక్కన పార పట్టరంట.

…మందా? మొన్నే సెప్పేడు కదా డాక్టరు. తోలులో రంగు పుట్టించే కణాలుంటాయంట. మచ్చ ఉన్నకాడ అవి సచ్చిపోనాయంట. ఎందుకో తనకీ తెలీదన్నాడు. బావంచాల గింజలు నూరి రాసుకుని పొక్కులు తెచ్చుకున్నావు, సాలదా?

…ఏడవకు. టేషన్లో అందరూ సూస్తారు.

…అచ్చియమ్మా? మా క్వార్టర్లోనే ఉంది, మీ వొదిన దగ్గిర. ఇప్పుడు రాదురా… కోపం కాదు. నీ పెళ్లాం నిన్ను ఒక్క మాటా అననేదు.

…చిన్నతల్లా? బాగానే ఉంది నీ కూతురు… నేదు, ఆటకి పంపట్లేదు దాన్ని.

…ఏటీ నేదు.

…సెప్పమంటావా?

అచ్చియమ్మ దాని గెడ్డం మీద కాటికసుక్క పెడతంది కదా, దిష్టికని… ఆ, ముద్దుగానే ఉంటంది. నిన్న నీళ్లు పోస్తూ మీ వొదిన అది తుడిసింది. కింద తెల్లగా ఉందిరా.

…సూర్యం?

…పోయిన నెల కందిగింజంత పెట్టేది. ఇప్పుడు అర్ధణా బిళ్లంత పెడతంది.

సూర్యం… ఒరే, మాటాడు. కంట్రోలోళ్లు లైను అడుగుతున్నారు… ఫోను పెట్టీకురా, ఒక్క నిమిషం—

…

ఆ, సార్. అమ్మన్నని సార్.

…లైను ఖాళీయే సార్.