సుద్దగీతల గది

వాళ్ళు పెరిగిన అద్దె ఇంటిని రేపు కూల్చేస్తారు. ఖాళీ గదిలో అన్న, ఒకప్పుడు ఏ సామాను ఎక్కడుండేదో గుర్తు తెచ్చుకుని నేల మీద సుద్దముక్కతో గీయాలి, చెల్లెలు వీడియో తీయాలి. ఒక కళా ప్రదర్శన కోసం ఇద్దరూ కలిసి చేస్తున్న పని అది. అన్న మహా హుషారుగా గీస్తున్నాడు.

"ఇది నాన్న కుర్చీ. ఇక్కడ బీరువా. తలుపు తీస్తే కిర్రుమనేది, గుర్తుందా?"

"ఉంది. కానివ్వు."

"ఇది నా మంచం. ఇది నేను చదువుకునే బల్ల. చూశావా, ఒక్కటీ మర్చిపోలేదు!"

"మరి నేనెక్కడ పడుకునేదాన్ని, అన్నయ్యా?"

"నువ్వా? అమ్మ పక్కన."

"అమ్మ వంటింట్లో పడుకునేది. అక్కడ ఒక్క మనిషికే చోటు."

"అయితే హాల్లో."

"మనకి హాలెక్కడిది?"



"పోనీ, నువ్వే చెప్పవే."

"నీ బల్ల కింద. తొమ్మిదేళ్ళు. చదువుకుంటూ నా మీద కాళ్ళు పెట్టుకునేవాడివి. చలికాలంలో వెచ్చగా ఉందనేవాడివి."

అతనికి తలెత్తి కెమెరా వైపు చూడాలంటే మొహం చెల్లలేదు.

"ఆపెయ్యవే. సిగ్గేస్తోంది. అంతా చెరిపేసి మళ్ళీ గీస్తాను, ముందు నువ్వు పడుకునే చోటే గీస్తాను."

"అప్పుడది నేను చెప్పింది అవుతుంది. మనం తీస్తున్నది నీకు గుర్తున్న ఇల్లు."

అతను బల్ల గీతల మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తల ఎటు పెట్టుకునేదానివి?"

"గోడ వైపు. నీ కాళ్ళు మొహానికి తగలకుండా."